గాల్లో ఉన్న కాలు

ఖాళీ స్టీలు చెంబులో ఫోను పెట్టి, ఆ చెంబును ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది మునిలక్ష్మమ్మ. అట్లా పెడితే దాని మోత వీధి మలుపు దాకా వినిపిస్తుందని కూతురు ఆశ చెప్పిపోయింది. అయినా నమ్మకం చాలక మాటిమాటికీ చెంబులోకి తొంగి చూస్తోంది, బావిలో పడ్డదాన్ని వెతుకుతున్నట్టు. చేతులు మాత్రం ఊరుకోవడం లేదు, విత్తనపు శెనక్కాయలు ఒలుస్తూనే ఉన్నాయి, గింజలు చాటలోకి, పొట్టు చీర కుచ్చిళ్ళలోకి. ఈ వారం మిట్టేమరికి త్రీ ఫేజు కరెంటు మధ్యాహ్నం పూట వదులుతున్నారు, ఖాయంగా ఎప్పుడని ఎవరికీ తెలియదు, వచ్చినప్పుడు వచ్చినట్టు. వచ్చిందా, చేనికాడ స్టార్టరుకు తగిలించిన ఆశ డబ్బా తనంతట తానే బోరు మోటరు వేసి, తనంతట తానే ఈ ఫోనుకు కొడుతుంది. మనిషి కొట్టేది కాదు, డబ్బా కొట్టేది. "మోగితే ఎత్తొద్దు మా. మిస్డ్ కాలే అది, ఎత్తితే ఉన్న దుడ్డంతా పోతాది. మోగిందంటే అన్నీ సరిగా ఉండాయని" అని మెట్టు దిగుతూ చెప్పింది ఆశ. "సరిగా లేకుంటే?" "మోగదు" అని నవ్వింది. మోగదు అనే మాటకు నవ్వెట్లా వచ్చిందో ఆ పిల్లకు.

తానూ వస్తానంది. చెప్పులు కూడా వేసుకుంది. "నువ్వొద్దు మా. నువ్వు పక్కనుంటే నా చెయ్యి వణుకుతాది" అంది ఆశ, కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు. అప్పటికే మరిది నరసింహప్ప సైకిలు క్యారియరు మీద డబ్బాను గోతంపట్టాలో చుట్టి కట్టాడు, పెండ్లికూతురిని బండి ఎక్కించినంత భద్రంగా. "నేనుండా కదా వదినా, పిల్లను నేను చూసుకుంటా. నువ్వా చెంబును చూసుకో, యాడికన్నా పారిపోతాదేమో" అన్నాడు. అతనికి ఫోను లేదు. కొనుక్కోమంటే, "నన్ను పిలిచేవాళ్ళంతా ఈ ఊర్లోనే ఉండారు, గట్టిగా అరిస్తే పలుకుతా, దానికి ఫోనేల?" అంటాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఆశ ఒక భుజం కాస్త దించి నడుస్తుంది. ఆ పిల్ల నాయనా అట్లాగే దించి నడిచేవాడు, భుజాన పార ఉన్నా లేకపోయినా, బరువు అక్కడే ఉన్నట్టు. పిల్లకు నడక నేర్పింది తాను, ఆయన కాదు, అయినా ఆ నడక ఎట్లా వచ్చింది. ఒక్కసారి పిలుద్దామనుకుంది. బయలుదేరి పోయేవాళ్ళను వెనకనుంచి పిలవకూడదు. పిలవలేదు. చెప్పులు విప్పి గడప పక్కన పెట్టింది.

డబ్బా అంటే పాత టిఫిను డబ్బాయే. చింతామణిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాకు చేరిన కొత్తలో ఆశ చిత్రాన్నం కట్టుకుపోయిన ప్లాస్టిక్ డబ్బా, ఇప్పటికీ మూత వాసన చూస్తే తిరగమోత గుర్తుకొస్తుంది. ఇప్పుడు దాని కడుపులో ఒక పచ్చటి పలక, పలక నిండా సీసపు చుక్కలు, ఒక మూల జెర్రి. దాని అసలు పేరు మైక్రోకంట్రోలరట. అటిరవై ఇటిరవై కాళ్ళేసుకుని నల్లగా బోర్లా పడుకున్న దాన్ని చూసి మునిలక్ష్మమ్మ మొదటిరోజే "ఇదేందే, జెర్రి మాదిరి" అంది, ఆ పేరే నిలిచిపోయింది, ఆశ కూడా ఇప్పుడు జెర్రి అనే అంటుంది. కన్నడ బడిలో ఏడుతో చదువాపేసిన తల్లికి ఆ పిల్ల దాని సంగతులన్నీ చెబుతుంది, ముద్ద మింగుతూ, తల దువ్వించుకుంటూ. "దీనికి కాళ్ళే చెవులు మా, కాళ్ళే నోళ్ళు. ఏ కాలు వినల్ల, ఏ కాలు చెప్పల్ల అని మొట్టమొదట మనమే దానికి చెప్పి పెట్టల్ల. వినే కాలును చెప్పే కాలని తప్పు రాస్తిమా, బయట్నుంచి ఒకటి వస్తాది, లోపల్నుంచి ఒకటి పోతాది, రెండూ ఢీకొట్టుకోని కాలు కాలిపోతాది." దువ్వెన చేతిలోనే ఆగిపోయింది. తనను ఈ ఇంటికి పంపేటప్పుడు అమ్మ అదే కదా చెప్పి పంపింది, అక్కడ నువ్వు వినేదానివి అని. వింటూనే ఉంది ఇన్నేళ్ళూ. గాలికి తలుపు కొట్టుకున్నా విన్నది, రోడ్డు మీద బాగేపల్లి బస్సు ఆగితే విన్నది, ఆగకుండా పోతే అదీ విన్నది. చింతామణిలో ఆశకు జ్వరమొస్తే ఇక్కడ తన ఒళ్ళు కాలుతుంది, రాకపోయినా కాలుతుంది. "ఇంకోటి మా," అంది ఆశ, "దీని కాలు అయిదు వోల్టుల దాకే ఓర్చుకుంటాది. అంతకు మించొద్దని దాన్ని చేసినోళ్ళే కాగితంలో అచ్చేసి పెట్టినారు." అట్లాంటి కాగితం దేనికైనా ఉంటుందా అని తనకు ఆశ్చర్యం. ఇంత దాకే తట్టుకుంటుంది, పైన మీ ఇష్టం అని పుట్టించినవాడే రాసివ్వడం.

ఒకసారి కాలింది కూడా. నరసింహప్ప ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి నడిమింట్లో పెట్టుకుని పని చేస్తోంది ఆశ, అందులోది పన్నెండట, దాన్ని అయిదుకు దించే ముక్క ఒకటుంది, ఆ ముక్కను దాటి ఒక తీగ జారి సరాసరి జెర్రి కాలికి తగిలింది. చప్పుడు లేదు. మెరుపు లేదు. జెర్రి ఎట్లా పడుకున్నది అట్లాగే పడుకుంది. ఆశ వేలు పెట్టి చూసి చటుక్కున తీసేసుకుంది. "పోయింది మా." "ఏం కాలేదు కదే, బాగానే ఉండాది కదా?" "అంతే మా ఇది. చూసేదానికి బాగానే ఉంటాది." అప్పుడు వచ్చింది వాసన. ఘాటుగా, తియ్యగా, గొంతులో అతుక్కునే వాసన. అది తనకు తెలుసు. తెలుసని ఆశకు చెప్పలేదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి వచ్చి నిలబడింది, ఎదురింటి సుజాతమ్మ "ఏం వదినా, మాడిందా?" అని అడిగితే "ఊ, మాడింది" అంది.

ఫోను మోగలేదు. మోగలేదంటే కరెంటు రాలేదు, అంతే. పిండి మిషను కూడా ఆడటం లేదు కదా, వెంకటేశప్ప మిషను త్రీ ఫేజుదే, వస్తే ముందు అదే అరుస్తుంది, అది మూగగా ఉన్నంతసేపు భయం లేదు, భయం లేదు అనుకుంటే ఒక క్షణం భయం ఉండదు. ఒక కాయ ఒలిచి, ఇంకో కాయ ఒలిచి, మూడోది గొడ్డు కాయ, లోపల ఏమీ లేదు, బయటికి మాత్రం నిండుగా ఉంది.

కొత్త జెర్రిని తెచ్చాక జరిగిందది. సాయంత్రం. ఆశ తల వంచుకుని ఏదో రాసుకుంటోంది, తాను కాఫీ తెచ్చి పలక పక్కన పెట్టబోయింది, పలక మీద గింజంత ఎర్రదీపం వెలిగింది. చెయ్యి తీసింది. ఆరింది. మళ్ళీ చెయ్యి చాపింది, ముట్టుకోలేదు, జానెడు దూరంలోనే ఉంది చెయ్యి, వెలిగింది. "ఇదేమే ఆశా, నేనొస్తే వెలుగుతాంది?" ఆశ తల ఎత్తకుండానే చెప్పింది. "ఆ కాలు గాల్లో ఉండాది మా." "గాలా?" "ఊ, గాలే. దేనికీ కట్టకుండా ఊరికే వదిలేసినా కదా. వినమని చెప్పినా, వినేదానికి తీగ ఇయ్యలే. అందుకే అట్ల ఆడతాంది. యాడాడిదో పట్టుకుంటాది. మనిషి దగ్గరికొస్తే మనిషిని పట్టుకుంటాది."

గాలి. ఆ మాట అంత తేలిగ్గా ఎట్లా అనేసింది ఆ పిల్ల. ఈ ఊళ్ళో ఆ మాటకు ఎవరూ నవ్వరు. సుజాతమ్మ కోడలికి గాలి సోకినప్పుడు అన్నం పళ్ళెం ముందు కూర్చుని ఎవరి గొంతుతోనో ఏడ్చింది, మురుగమల్ల దర్గాకు తీసుకుపోయి రోజుల తరబడి అక్కడే ఉంచితే గానీ సొంత గొంతు రాలేదు. గాలి అంటే ఊరికే తిరిగే గాలి కాదు. పోకుండా ఉండిపోయినవాళ్ళు, చెప్పాల్సింది చెప్పకుండా పోయినవాళ్ళు. ఆశ మంచినీళ్ళకు బయటికి పోయినప్పుడు మునిలక్ష్మమ్మ దాని ముందు కూర్చుంది, చేతులు వెనక్కి కట్టుకుని, తన చేతుల వల్ల కాదని చూద్దామని. దీపం వెలిగింది. ఆరింది. కాస్త ఆగి, ఆలోచించుకున్నట్టు, మళ్ళీ రెండుసార్లు వెలిగింది. దగ్గినట్టు. రెండుసార్లే. "ఏమయ్యా," అంది, పెదవులు కదలకుండా, "నువ్వేనా?"

కాసేపటికి ఆశ వచ్చి, మీసమంత తీగలున్న చిన్న ముక్కను ఆ కాలికి అతికించింది, కాస్త పొగ లేచింది. "నేలకు కట్టేసినా మా. ఇంక ఆడదు." "నేలకా?" "గ్రౌండుకు. ఏమీ రానప్పుడు ఏమీ లేదని తెలియల్ల కదా దానికి. లేకుంటే లేనివన్నీ ఉండాయనుకుంటాది." రెండు చేతులూ దగ్గర పెట్టి చూసింది మునిలక్ష్మమ్మ. దీపం వెలగలేదు. అరచేయి పలక మీద కప్పింది, అయినా వెలగలేదు. ఆశ సంబరంగా నవ్వుతోంది, తాను కూడా నవ్వాలి కాబట్టి నవ్వింది, నవ్వుతూ వంటింట్లోకి పోయి రాగిపిండి డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. ఇంటిదాకా వచ్చిన మనిషిని కట్టేశారు. నేలకు కట్టేశారు, మనిషిని ఒకసారి పాడెకు కట్టింది చాలదన్నట్టు. కట్టేసినవాడికి కోపం రాదా. కోపమొస్తే ఎవరి మీద వస్తుంది, చెయ్యి దగ్గర పెట్టేవాళ్ళ మీదే కదా. ఆ డబ్బాను ఈ పిల్ల తీసుకుపోయి తగిలించేది ఎక్కడ, ఆయన పోయిన స్టార్టరుకే కదా.

అందుకే మురుగమల్లకు పోయింది, చింతామణిలో బట్టలు చూసొస్తానని చెప్పి. దర్గాలో జనం, పొగ, జుట్టు విరబోసుకుని ఊగుతున్న ఒక ఆడమనిషి, ఆమె పక్కనే అరటిపండు తింటూ కూర్చున్న మొగుడు. దర్గా చూసుకునే ముజావరు ముసలాయన "గాలి ఎవరికమ్మా?" అని అడిగాడు. ఏమని చెబుతుంది, జెర్రికని చెబుతుందా. "బిడ్డకు సామీ" అంది. ఆయన వేలెడంత రాగి రేకు మీద ఏదో గీసి, మూడుసార్లు ఊది, కొంగులో వేశాడు. "గుడ్డ చుట్టొద్దు. ఒంటికి తాకల్ల, తాకేటట్టు కట్టు." బస్సులో వచ్చినంతసేపూ రేకును గుప్పిట్లో పట్టుకుంది, ఒంటికి తాకాలి, ఒంటికి తాకాలి అనుకుంటూ. ఈ పొద్దున ఆశ నీళ్ళు పోసుకుంటుండగా డబ్బా మూత తీసింది. ఎక్కడ చూసినా ముక్కలు, చుక్కలు, తీగలు, రేకు పెట్టడానికి చోటే లేదు. ఒక్కచోట మాత్రం ఉంది, పలకకు సరిగ్గా నడుమ. పైనుంచి కిందిదాకా వేలెడు వెడల్పున ఒక ఖాళీ, చుక్క లేదు, గీత లేదు, శుభ్రంగా తుడిచి పెట్టినట్టు. గోడలో దేవుడి గూడు మాదిరి. ఎవరికోసమో వదిలిపెట్టిన చోటు. రేకును అక్కడ అడ్డంగా పెట్టి, రెండు పక్కలా ఉన్న చుక్కలకు తాకేటట్టు బొటనవేలితో అదిమింది. అదిమాక మనసు నెమ్మదించింది. ఇప్పుడు కూడా ఆ నెమ్మదే తనను గడప మీద కూర్చోబెట్టింది, లేకుంటే వాళ్ళ వెనకాలే పోయుండేది, వద్దన్నా పోయుండేది.

ఆయన పోయిన పొద్దున కూడా నెమ్మదిగానే ఉంది. అదే తనను ఇప్పటికీ కొరికేది. ఇంకా తెల్లవారలేదు, ఆయన లేచాడు, కరెంటొచ్చిందని చూరు కింద బుడ్డ బల్బు వెలిగితే తెలుస్తుంది, బీడీ ముట్టించుకుని రెండుసార్లు దగ్గాడు. పోతున్నానని చెప్పడం అదే ఆయనకు, చెన్నరాయప్ప నోట మాట అంత సులువుగా వచ్చేది కాదు. తాను ప్రతిరోజూ "చెప్పులేసుకోని పో" అంటుంది, ఆ రోజు కండ్లు తెరవకుండా "ఊ" అంది. తెల్లారాక కళ్ళాపి చల్లుతుంటే చేని నుంచి వస్తున్న నరసింహప్ప "మీ తొట్టి నిండి పారుతాంది వదినా, అన్న పొద్దున్నే మోటరు వేసేసినాడు" అని చెబుతూ పోయాడు. నీళ్ళు పారుతున్నాయంటే మోటరు ఆడుతోంది, మోటరు ఆడుతోందంటే వేసినవాడు బాగున్నాడు. అంతకంటే ఏం కావాలి, ముద్దకు ఎసరు పెట్టింది. ముద్ద చల్లారింది. నీళ్ళు పారుతూనే ఉన్నాయి, శెనక్కాయ సాళ్ళన్నీ నిండి బాట మీదికొచ్చాయి, బాట మీదికొచ్చిన నీళ్ళను చూసి ఎవరో తిట్టుకుంటూ పోయి చూశారు. తుప్పు పట్టిన ఇనుప స్టార్టరు పెట్టె, లోపల చర్మం ఊడిన తీగ, కింద బురద, బురదలో ఒట్టికాళ్ళు. పెట్టె గుయ్ మని పాడుతోంది. మోటరు దాని పని అది చేస్తోంది, దానికేం తెలుసు. పోయి చూసినప్పుడు ఆ వాసన. ఇంటికి తెచ్చినప్పుడు చెప్పులు ఇక్కడే ఉన్నాయి, ఈ గడప పక్కనే, ఇప్పుడు తన చెప్పులున్న చోటే, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక, వేసుకోబోయి మానుకున్నట్టు.

చూపుడు వేలికి ఏదో గుచ్చుకుంది. కాయ మొన అనుకుని విదిలించింది, పోలేదు. వెలుతురుకు పెట్టి చూసింది, వెంట్రుకంత ఎర్రటి తునక, రాగి. నిన్న ఆశ కత్తిరించిన తీగలోది. ఒక్కటీ మిగలకూడదని వేలిని నాలుకకు తడి చేసుకుని నేలంతా అద్ది అద్ది ఏరింది ఆ పిల్ల, దీపం దగ్గర పెట్టుకుని, ముత్యాలు ఏరినట్టు. "వదిలేయ్‌వే, పొద్దున చిమ్మేస్తా" అంటే, "ఒక్క తునక డబ్బాలో పడినా చాలు మా" అంది. ఎందుకు చాలు. ఏదో చెప్పింది, ఎందుకో చెప్పింది, తాను శెనక్కాయల మూట విప్పుతూ ఊ కొడుతూ విన్నది. "ఇదో మా, ఈ పక్కంతా లైనులోది, నాలుగొందల నలభై. ఈ పక్కంతా జెర్రిది, అయిదు. ఇది దాన్ని తాకకూడదు, జన్మలో తాకకూడదు. అందుకే నడుమ గోడ పెట్టినా." "గోడ యాడుండాది, నాకు కనపడలే?" "కనపడదు మా. ఖాళీగా పెట్టినా కదా నడుమ, ఆ ఖాళీనే గోడ. ఈ పక్క బుడ్డ దీపం వెలుగుతాది, ఆ పక్క ఒక కన్ను దాన్ని చూస్తాది. నడుమ తీగ లేదు. వెలుతురు ఒకటే దాటుతాది."

ఖాళీనే గోడ.

చాట బోర్లపడింది, గింజలు మెట్ల మీద చిందాయి. దేవుడి గూడనుకుంది. రెండు పక్కలా తాకేటట్టు, బొటనవేలితో. రాగి. ఒంటికి తాకాలని. నాలుగొందల నలభై ఆ రేకు మీద నడిచి ఈ పక్కకు వస్తుంది, అయిదు దాటితేనే కాలిపోయే జెర్రి దగ్గరికి, జెర్రి కాళ్ళ నుంచి తీగల్లోకి, ఆ తీగలు పట్టుకున్న వేళ్ళలోకి. ఆయన కోపం కాదు, గాలి కాదు, తాను. తానే దారి వేసింది. చెంబులోంచి ఫోను లాక్కుంది, ఆశ ఫోనుకు కొడదామని. బొత్తాం మీద వేలు పడకముందే గుర్తొచ్చి వేలు వెనక్కి తీసుకుంది. ఆశ ఫోను ఆ డబ్బాలోనే ఉంది, బొత్తాలకు తీగలు అతికించుకుని. "ఇంటినుంచి నువ్వు కొట్టినా జెర్రి మోటరు వేస్తాది మా. నేను స్టార్టరులో చెయ్యి పెట్టినంతసేపు నువ్వు మాత్రం కొట్టొద్దు, మర్చిపోవద్దు." కొడితే చంపుతుంది, కొట్టకపోతే. ఫోను గుప్పిట్లో పట్టుకుని పరుగెత్తింది.

చెప్పులు గడప కాడే ఉండిపోయాయి. సుజాతమ్మ ఏదో అడిగింది. మలుపు, రచ్చబండ, కుళాయి దగ్గర బిందెలు, ఎవరిదో మేక అడ్డం, అంతా పక్కలకు జరిగిపోతోంది, కాళ్ళు మాత్రం ఒకేచోట పడుతున్నట్టుంది. రావద్దు, కరెంటూ నువ్వు రావద్దు, ఈ ఒక్క పూటకు రావద్దు, ఎండిపోనీ చేను, విత్తనం వేయకపోతే వేయకపోనీ, ఈ సంవత్సరమంతా రావద్దు. నరసింహప్పా అని అరవాలి, గట్టిగా అరిస్తే పలుకుతానన్నాడు కదా, ఊపిరి లేదు అరవడానికి. వెంకటేశప్ప మిషను ముందునుంచి పోతోంది, మూసిన రేకు తలుపు, తలుపు సందులో తెల్లటి పిండి గీత, మిషను మూగగా ఉంది, ఉండు, అట్లాగే ఉండు తండ్రీ. అది దాటి పది అంగలు వేసిందో లేదో వెనకాల ఒక మూలుగు, తర్వాత పట్టా తిరుగుతున్న టపటప, తర్వాత మిషను గొంతెత్తి అరిచింది. త్రీ ఫేజు వచ్చింది.

గుప్పిట్లో ఫోను మోగలేదు.

బాట దిగి చేన్లో పడింది, అడ్డదారి, దున్నిన మట్టి, గడ్డలు అరికాళ్ళ కింద చితుకుతున్నాయి. మోగలేదు. మోగదు అని నవ్వింది, మెట్టు దిగుతూ నవ్వింది, ఆ నవ్వే ఆఖరుదా, ఒక భుజం దించుకుని పోయిన ఆ వీపే ఆఖరుదా, పిలిచుంటే ఏమయ్యేది, పిలవకూడదని ఎవరు చెప్పారు. దూరంగా వేపచెట్టు, చెట్టు పక్కన స్టార్టరు గుడిసె కొప్పు కనబడుతోంది, మనుషులు కనబడటం లేదు, చెట్టుకు ఆనించిన సైకిలు మాత్రం, అప్పుడు ఫోను చేతిలో వణికింది, వణికి మోగింది.

నిలబడిపోయింది. మోగుతోంది. మోగిందంటే అన్నీ సరిగా ఉన్నాయని. చిన్న తెరమీద ఆశ పేరు, కన్నడ అక్షరాల్లో, తాను చదువుకోగలిగేటట్టు ఆశే పెట్టింది. కానీ కొట్టింది ఆశ కాదు కదా. డబ్బా కొట్టింది. డబ్బాకేం తెలుసు. ఆ రోజు కూడా నీళ్ళు పారాయి, తొట్టి నిండింది, మోటరు పాడింది, అన్నీ సరిగా ఉన్నాయని ఊరంతా అనుకుంది, తాను ఎసరు పెట్టుకుంది. మోగితే ఏమిటి. పారితే ఏమిటి. ఎత్తొద్దు మా. ఎత్తొద్దు. పచ్చ బొత్తాం నొక్కింది, చెవికి పెట్టుకుంది.

గుయ్ మని శబ్దం. స్టార్టరు పాట, ఆ పాటే, ఇన్నేళ్ళ తర్వాత చెవి లోపల. దాని వెనక నీళ్ళు, తొట్టిలోకి దబదబ పడుతున్న నీళ్ళు. మనిషి సవ్వడి లేదు. "ఆశా" అంది. గుయ్. "ఆశా, ఒసే ఆశా." నీళ్ళు. ఆ చప్పుడులోకి చెవి మొత్తం పెట్టి, ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నది, ఒక అడుగు చప్పుడు కోసం, గాజు చప్పుడు కోసం, ఏ చప్పుడుకైనా.

"అయ్యో, మా! ఎత్తినావా?" గొంతు దూరంనుంచి, తర్వాత చాలా దగ్గరగా. "ఎత్తొద్దంటే ఎత్తుతావే! పని చేస్తాంది మా, మూడు ఫేజులూ వచ్చినాయి, జెర్రి వినింది, మోటరు వేసింది! మా? వింటాండావా? నీ రేకు నాకాడే ఉండాది. పొద్దున్నే తీసేసినా, తగిలించే ముందు మూత తీసి చూడకుండా ఉంటానా? ఎంత చక్కగా పెట్టినావమ్మా, సరిగ్గా గోడ మిందే పెట్టినావు." నీళ్ళ చప్పుడు మీద గొంతు మళ్ళీ పెంచింది ఆశ. "కోప్పడలేదులే. వేపకొమ్మకు కట్టినా, గాజులు కూడా తీసి దాని పక్కనే పెట్టినా, పని అయినంక చేతికి కట్టుకుంటా. చిన్నాయన నీళ్ళకు మడవ తిప్పేదానికి ఆ కొసకు పోయినాడు, నేనూ పోయి చూసొస్తా, నీళ్ళు ఎంతదూరం ఎక్కినాయో. పెట్టేయ్ ఇంక, దుడ్డు పోతాది."

దున్నిన మట్టిలో కూలబడింది, అరచేయి నేలకు ఆనింది, మట్టి పైన వేడిగా, లోపల చల్లగా ఉంది. పరుగెత్తిపోతున్న అడుగుల చప్పుడు ఫోనులో చిన్నదైపోయింది. గుడిసె వెనకనుంచి ఆశ బయటికొచ్చింది, ఇంతదూరం నుంచి వేలెడంత, ఒక భుజం దించుకుని, నరసింహప్ప నిలబడ్డ చేని కొసకు గట్టు వెంట పోతోంది. ఇద్దరూ అక్కడున్నారు. ఇద్దరూ కండ్లముందే ఉన్నారు. డబ్బా దగ్గర ఎవరూ లేరు. పెట్టేయాలి, ఎర్ర బొత్తాం నొక్కితే అయిపోతుంది. వేలు దాని మీదే ఉంది, చెవిలో గుయ్ మంటూ ఆ పాట, దాని కింద నీళ్ళు.

ఫోనులో ఎవరో దగ్గారు. రెండుసార్లు.

మునిలక్ష్మమ్మ కదలలేదు. గట్టు మీద పోతున్న కూతురిని చూస్తూ, చూపు తిప్పకుండా, ఫోనును ఇంకాస్త చెవికి అదుముకుంది.

"చెప్పులేసుకోని పో" అంది, మెల్లగా.